దొర కారులో చెప్పుల్లేకుండా

కరీంనగర్, 9-2-1965

బాపూ, ఈ కార్డు దొర గడి దగ్గర చదివించుకోకు. ఇంట్లో చెల్లె బాలలక్ష్మితోనే చదివించుకో.

లైసెన్సు పరీక్ష తప్పాను. బండి నేర్పే మా ఉస్తాదు తన పాత జీపు తీసుకుపొమ్మన్నాడు. పరీక్ష పెట్టే సాబు ముందు గొప్పగా ఉంటుందని, నేనే నీచేత దొరను బతిమాలించి ఆయన కారు తెప్పించాను. తీరా ఎక్కేటప్పుడు, దొర కారు కదా అని, నువ్వు కొనిచ్చిన కొత్త చెప్పులు కిందే విడిచాను. సీటుకు ఆనుకోకుండా అంచునే కూర్చున్నాను. బ్రేకు మీద చెమట కాలు జారి, కారు గోడకు గుద్దుకుంది. ముందు లైటు పగిలింది.

"చెప్పులేవిరా?" అన్నాడు సాబు.

"దొర కారు సాబ్" అన్నాను.

"మరి నడిపేది నువ్వా, దొరనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

వచ్చే నెల జీపులోనే పోతాను. బర్రె ఈనిందా? అవ్వకు దండాలు. లైటు సంగతి దొరకు నేనే వచ్చి చెప్తాను. అందాక నువ్వు పోయి ఆయన కాళ్లు పట్టుకోకు, బాపూ.

నీ కొడుకు,
ముత్యం