మామ్మ కాచిన నీళ్లు

తోర్వా, బిలాస్‌పూర్
జనవరి 19

అమ్మా ఝాన్సీ,

ఈ ఉత్తరం నువ్వు చదవలేవని తెలుసు. హిందీ బడిలో చదువుకున్నదానివి, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేసరికి తెల్లారిపోతుంది. పుట్టింట్లోనే ఉన్నావు కదా, మీ అమ్మగారు చదివి వినిపిస్తారు. వదినగారూ, నా పరువు కోసమని ఒక్క ముక్క కూడా మింగెయ్యకండి. ఫోన్లో చెబుదామంటే, వెనకాల నా మనవరాలు లాస్య దగ్గు వినిపిస్తే నా నోరు పెగలదు.

లాస్యకి ఊపిరాడని రోజు ఆస్పత్రిలో డాక్టరు, "ఘర్ మే ధువా హోతా హై క్యా?" అని అడిగాడు, ఇంట్లో పొగ వస్తుందా అని. "పక్కింటి సాహు దీదీ చెత్త తగలబెడుతుంది" అన్నావు నువ్వు. పిల్ల చెప్పులు పట్టుకుని నేను నీ పక్కనే నిలబడ్డాను.  మావాడు సందీప్ డ్యూటీలో ఉంటే, మనల్ని తన స్కూటీ మీద తీసుకొచ్చింది ఆ సాహు దీదీయే. నీ మాట విని తల దించుకుని వెళ్లిపోయింది.

తగలబెట్టింది నేను. నువ్వు కాపురానికొచ్చాక తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అన్నావు. పాల ప్యాకెట్లు కడిగి, తీగ మీద ఆరేసి, మునిసిపాలిటీ బండికి ఇవ్వమని సంచిలో పెట్టేదానివి. "ఏటమ్మా ఈ చోద్యం, చెత్తకి కూడా తానం చేయిస్తన్నావు!" అని నవ్వాను కూడా. మీ మావయ్య ఉన్నన్నాళ్లూ లోకో షెడ్డు నుంచి ఇంజన్లు తుడిచిన నూనె పీచు తెచ్చేవారు. దాంతో బొగ్గుల సిగిడీ కుంపటి అంటించి నీళ్లు కాచేదాన్ని. ఆయన పోయాక పీచు లేదు, నీ సంచి దొరికింది. నువ్వు ఆరబెట్టిన ప్యాకెట్లు ఇట్టే అంటుకునేవి.

ఆ నీళ్లు ఎవరి స్నానానికో నీకు తెలుసు. చలికి లాస్య నా ఒళ్లో, సిగిడీకి జానెడు దూరంలో కూర్చునేది. "మామ్మా, ఇంకోటి ఎయ్యి" అని తనే ప్యాకెట్టు అందించేది. పాల ప్యాకెట్టు ముట్టుకుంటే ఆ చిన్న చెయ్యే గుర్తొస్తోంది.

సిగిడీని పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. ప్యాకెట్లు నేనే కడిగి బండికి ఇస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. సాహు దీదీకి ఇంకా చెప్పలేదు, ముందు నీకు చెప్పాలి కదా. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. లాస్యని మాత్రం తీసుకురా తల్లీ.

నీ అత్త,
చిన్నతల్లి


రాయపూర్
జనవరి 27

అత్తమ్మా, నమస్కారం.

నేను చెబుతుంటే అమ్మ రాస్తోంది. మీ ఉత్తరం ఒక్క ముక్క వదలకుండా చదివింది. చదువుతూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అందులో నాకు తెలియని సంగతి లేదు.

దసరా వెళ్లిన వారమే వంటింటి కిటికీలోంచి చూశాను. లాస్య ప్యాకెట్టు అందించడం కూడా చూశాను. ప్లాస్టిక్ కాల్చకూడదని స్కూల్లో పిల్లల చేత బొమ్మలు గీయించే టీచర్ని నేను. ఏం చేశానో తెలుసా? కిటికీ మూశాను. ఆ అరగంట పిల్ల మీ దగ్గరుంటే వంట ముగించుకుని ఎనిమిదింటికి బయటపడొచ్చు. మీకు చెబితే అలుగుతారు, నీళ్లు కాయడం, స్నానం చేయించడం నా నెత్తిన పడతాయి. అంతే, ఇంకే కారణమూ లేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు పొగ పెడుతోందని సాహు దీదీతో తగువు పెట్టుకున్నాను. మీ చెవిన పడితే మీరే మానేస్తారనుకున్నాను. డాక్టరుతో నేను పొరపాటున అనలేదు అత్తమ్మా, అబద్ధమాడాను.

సాహు దీదీ దగ్గరికి మీరొక్కరే వెళ్లకండి. ఫోను పట్టుకెళ్లి నాకు కలపండి. ఆవిడ కాళ్లు పట్టుకోవాల్సింది ముందు నేను.

లాస్యని తీసుకురాలేను. రోజూ రెండుసార్లు మందు పీలుస్తోంది. ఎన్నేళ్లు పీల్చాలో ఇక్కడి డాక్టరు చెప్పడం లేదు. మీ మీద కోపం కాదు. ఆ కిటికీ దగ్గర నిలబడి మళ్లీ వంట చేసే ధైర్యం నాకు లేదు.

నిన్న గ్యాసు మీద కాచిన నీళ్లు పోస్తుంటే గోలగోల చేసింది. "యే మామ్మ వాలా పానీ నహీ హై! మామ్మ నీళ్ల వాసన లేదు" అని ఏడ్చింది. వాసన చూసి చెంబు పక్కకి తోసేసింది. అది ఏం వాసనో దానికి నేను చెప్పలేదు.

మీ కోడలు,
ఝాన్సీ