గుండె జోరందుకోవడం లేదన్నావు

సుగుణక్కా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగినంతసేపూ నా ఛాతీకి ఒక చిన్న యంత్రం కట్టి ఉంది. మెట్లెక్కితే చాలు ఒళ్ళు తూలిపోతోందంటే, గుండె ఎలా కొట్టుకుంటోందో రోజంతా నమోదు చేసే ఆ యంత్రాన్ని శ్రీకాకుళం డాక్టరుగారు పెట్టారు.

ఈరోజు దాన్ని విప్పి కాగితాలు చూశారు. నేను మెట్లెక్కినప్పుడూ, కూడికలో ఏడ్చినప్పుడూ గుండె వేగం దాదాపు ఒక్కలాగే ఉందట.

"ఇది మీ బీపీ బిళ్ళ వల్లేనమ్మా. గుండె వేగాన్ని పెరగనివ్వదు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. మెల్లగా తగ్గిస్తూ వేరే రకానికి మారుద్దాం" అన్నారు.

మనిద్దరిదీ అదే బిళ్ళ. నిరుడు ఒక సాయంత్రం నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసి వచ్చి, గుమ్మంలో కూలబడి నువ్వు అడిగావు.

"ఒసే, ఎంత బరువెత్తినా నా గుండె జోరందుకోదేటే? కాళ్ళు తేలిపోతన్నాయి."

ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే ఉద్యోగం కదా, నాకంతా తెలుసనుకున్నాను.

"సాల్లే అక్కా, అంతా నీ బెమ. నోర్మూసుకుని ఏసుకో" అని విసుక్కున్నాను.

నువ్వు ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు మానేశావు. వారం తిరక్కుండానే మడి గట్టు మీద కూలిపోయావు.

వేరే రకం బిళ్ళలు అప్పుడూ ఉన్నాయా అని డాక్టరుగారిని అడిగాను. ఎప్పటినుంచో ఉన్నాయట. ఇబ్బందేమిటో చెబితే చాలు, మార్చేవారట.

నువ్వు చెప్పావు కదక్కా. నాకే చెప్పావు.

నీ చెల్లి