మంచం కింద చేపల డబ్బాలు

షాల్‌క్రాస్, ఏప్రిల్ 1994, సోమవారం రాత్రి

కోడలు మళ్ళీ ఆ మెత్తటి రస్కులే తెచ్చింది. టీలో ముంచితే సగం కప్పు అడుగుకి పోతుంది.

తెల్లోళ్ళ రాజ్యం పోయే ఈ ఓట్లయ్యాక మిగిలినవాళ్ళలో వాళ్ళకే యుద్ధమొస్తుందని అందరూ షాపుల మీద పడ్డారు. కోడలు కూడా నా మంచం కింద బీన్స్ డబ్బాలు, చేపల డబ్బాలు నింపింది. పొద్దున దాన్ని ఆటపట్టించాను. సాయంత్రం మనవరాలు సరోజ పరీక్షకి అమెరికా చరిత్ర పైకి చదువుతుంటే నా నవ్వు పోయింది. ఇంగ్లీషు రాజుని కలిసి తరిమినవాళ్ళే తర్వాత బానిసల గొడవలో రెండుగా చీలి, అన్నదమ్ములని కూడా చూడకుండా కాల్చుకున్నారట.

"రెంటికీ మధ్య ఎనభై ఏళ్ళు పైనే ఉంది తాతా," అంది.

"మనోళ్ళకి అంత ఓపికుందా పిల్లా?"

అది నవ్వింది. అబ్బాయి రేపు కూడా ఫ్యాక్టరీ బస్సెక్కాలి. మొన్న ఆ దారిలోనే ఒక బస్సు తగలబెట్టారు. మానెయ్‌రా అంటే వినడు.

ఏం చెయ్యాలో తోచక మంచం కిందికి దూరి డబ్బాల మీది కాగితాలన్నీ పీకేశాను. ఇక ఏది బీన్సో ఏది చేపో తెరిచేదాకా తెలీదు. వాడు క్షేమంగా ఇంటికొచ్చి, కోడలు నన్ను తిడుతుంటే పక్కన కూర్చుని నవ్వాలి.