పెంటయ్య పేరుకు అర్థం

నాయనా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి రేపటికి ఐదు నెలలు. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నీకు మనవడు పుట్టాడు. తొందరపడి ఎనిమిదో నెలలోనే వచ్చి వారం రోజులు దవాఖానలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఎల్లుండి తొట్టెల పండుగ... పేరు పెట్టాలి.

నీ డ్యూటీ బట్టల కింద డైరీ దొరికింది. హైటెక్ సిటీ ఆఫీసు గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే కుర్రాళ్ళను ఆపి రాసుకున్నావు కదూ? "జర నీ పేరుకు అర్థమేంది బిడ్డా?" నీ గొంతు నాకు వినబడుతూనే ఉంది. కబీర్, అరబ్బీ, గొప్పవాడు. ఫెలిక్స్, లాటిన్, అదృష్టవంతుడు. ఈథన్, హీబ్రూ, గట్టివాడు. మొదటి పేజీలో 'మనవనికి' అని ఉంది. నాకొక్క మాట చెప్పలేదే?

అంతమందిని అడిగావు. నీ పేరుకు అర్థమేమిటని ఒక్కడైనా అడిగాడా?

ఎలా అడుగుతారులే. నీ చొక్కా మీద 'ప్రసాద్' అని కదా ఉండేది. పెంటయ్య అంటే గేటు దగ్గర బాగుండదని సూపర్‌వైజర్ మార్చాడు. "పేర్ల ఏముంది తియ్" అని నవ్వి తగిలించుకున్నావు. నువ్వు పోయిన రోజు వాళ్ళు పంపిన దండ మీదా ప్రసాద్ అనే రాసి ఉంది. ఆ కాగితం చింపి పారేశాను. అందరూ చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టాను.

తిట్టే హక్కు నాకుందా అసలు? నా పెళ్లి కార్డు మీద నీ పేరు ప్రసాద్ అని వేయించింది నేనే కదా! కార్డు పట్టుకుని చాలాసేపు చూశావు. "మంచిగుంది కొడకా" అన్నావు. ఎందుకన్నావు నాయనా? రెండు తగిలించి ఉంటే బాగుండేది...

నీకంటే ముందు ఇద్దరు పురిట్లోనే పోయారట. అందుకే నిన్ను చాటలో పెట్టి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె ఎత్తుకుంటే తౌడిచ్చి కొనుక్కున్నారని నానమ్మ చెప్పేది. ఈ పిల్లాడు ఎవరికీ అక్కర్లేదనుకుని చావు తన దారిన తాను పోవాలని పెట్టిన పేరు. నిన్ను బతికించిన పేరు. దాన్నే నేను దాచాను.

పేర్ల వెబ్‌సైట్లన్నీ వెతికాను. ఏ దేశం పేరైనా ఉంది, నీది లేదు. ఒళ్ళు మండిపోయింది.

మొన్న డైరీ చివరి పేజీ తిప్పాను. నీతో డ్యూటీ చేసిన బీహార్ ఆయన... ఘురహు, భోజ్‌పురి. అర్థం అన్నచోట నువ్వు "నా పేరే" అని రాశావు. కింద చిన్నగా, "వీళ్లమ్మ గూడ గట్లనే పెంట మీద పెట్టి తెచ్చుకున్నదట."

నిన్న గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన చొక్కా మీద 'రాజు' అని ఉంది నాయనా. మీ పేర్లు వీళ్ళకేం పాపం చేశాయి?

తొట్టెల కార్డు తీసి ఆయన ముందే కవరు మీద 'ఘురహు గారికి' అని రాసిచ్చాను. వేలితో తడిమి, కళ్ళు తుడుచుకున్నాడు.

కార్డులో ఈసారి నీ పేరు సరిగ్గానే ఉంది. 'పెంటయ్య గారి మనవడు' అని పెద్ద అక్షరాలతో. బడిలో పేరు మాత్రం నీ కోడలికి నచ్చిందే, ఈథన్. నీ డైరీలోదే. కానీ ఎల్లుండి వాడి చెవిలో ముందుగా మూడుసార్లు నీ పేరే చెబుతాను. నవ్వేవాళ్ళను నవ్వనీ. అర్థం అడిగితే చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

ఇట్లు,
పెంటయ్య కొడుకు