ముందు పాప బుగ్గ కడుగు

అమ్మమ్మా,

నిన్న నీ కుట్టుకొట్లోకి గోడలోంచి దూసుకొచ్చిన ముగ్గురు వీరుల్లో పొట్టిది నేనే. ఇంకా పుట్టని నీ మనవరాలిని. మా కాలాన్ని ఊడ్చేస్తున్న జబ్బు నీ కొట్లోనే మొదలైందని తెలిసి, ఆపడానికి వెనక్కి వచ్చాం.

"ఎంత వీరులైతే నాకేంటి, ముందు చేతులు కడుక్కోండి" అన్నావు. గోడలే అడ్డురాని మాకు సబ్బు దేనికని నవ్వాం.

తిరిగొచ్చాక తెలిసింది. జబ్బు మొదలైంది మేమొచ్చిన రోజే. తెచ్చింది మేమే.

మళ్లీ వచ్చే మొహం లేక, మా క్రిములు చచ్చేలా ఈ కాగితాన్ని ఇస్త్రీ చేసి పంపుతున్నాను. కొట్టు మూసెయ్యి. మేం ముట్టిన బట్టలు మరగబెట్టు. అన్నిటికన్నా ముందు, ఉయ్యాల్లో పాప బుగ్గ సబ్బుతో కడుగు. నువ్వు వద్దంటున్నా ముద్దు పెట్టింది నేనే. అమ్మను అంత చిన్నగా చూసి ఆగలేకపోయాను.

పుడతానో లేదో తెలియని
నీ మనవరాలు