జవాబుకు వదిలిన జాగా

బండలపేట,
జూన్ రెండో వారం

ప్రియమైన బిడ్డ స్నేహలతకు,

బాపు ఆశీస్సులు. "చేతిల ఫోన్ పెట్టుకొని గీ ఉత్తరాలేంది?" అని మీ అమ్మ రోజూ నవ్వుతోంది. నవ్వనీ. మున్సిపల్ చైర్మన్ కుర్చీలో ఉన్నన్నాళ్లు పత్రిక సంగతి ఏదైనా కాగితం మీదే మాట్లాడుకోవాలని నీకు పత్రిక అప్పగించిన రోజే చెప్పాను. తండ్రి ఫోన్ చేసి బిడ్డతో వార్తలు రాయిస్తున్నాడని రేపు ఎవడూ అనకూడదు. వికారాబాద్ నుంచి మన పత్రిక 'కాగ్నా తీరం' కట్టలు తెచ్చే బస్సే మన ఉత్తరాలూ మోస్తోంది, పాపం.

పోయిన వారం వారపు అంగడికి కొత్త షెడ్డు ప్రారంభించాం. మా కౌన్సిలర్ మల్లేశ్ మైకు పట్టుకుని నా చరిత్రంతా చదివాడు. తాండూరులో విలేకరిగా మొదలయ్యాడు, వికారాబాద్ డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పాడు, సొంతంగా వారపత్రిక పెట్టాడు, ఇప్పుడు పుట్టిన ఊరికి చైర్మన్ అయ్యాడు అని. వింటుంటే ఎవరో పెద్దమనిషి గురించి చెబుతున్నట్టే ఉంది. మీ అమ్మ మాత్రం "ఇంట్ల కూరగాయలు తేవుడు తప్ప అన్నీ చేసిండు" అని పక్కావిడ చెవిలో అంది. నాకు వినిపించింది.

అంగడి రోజు బస్టాండు రోడ్డు మీద అంబులెన్స్ ఇరుక్కుపోయేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఊరి బయట, బండలు పాలిష్ పట్టే మిల్లుల వైపు విశాలమైన జాగా. షెడ్డు, నల్లాలు, లైట్లు అన్నీ ఉన్నాయి. తీర్మానం ఏకగ్రీవం. ఆ మాటకొస్తే మా కౌన్సిల్లో ఇప్పటిదాకా అన్నీ ఏకగ్రీవాలే. ముప్పావు వంతు మంది నా దగ్గర చదువుకున్న పిల్లలు. క్లాసులో ఎట్లా విన్నారో ఇప్పుడూ అట్లాగే వింటారు. ఇంతకంటే ఏం కావాలి?

నువ్వు వేళకు తింటున్నావా? ప్రెస్సు దగ్గర ఆ మిర్చి బజ్జీలు తగ్గించు.

నీ బాపు,
జనార్దన్

*

వికారాబాద్,
జూలై మొదటి వారం

ప్రియమైన బాపుకు,

బజ్జీలు తగ్గించాను, పునుగులు మొదలుపెట్టాను. అమ్మకు చెప్పకు.

పోయిన అంగడి రోజు నీకు చెప్పకుండా బండలపేట వచ్చాను. ఇంటికి రానందుకు కోప్పడకు, పత్రిక పని మీద వచ్చినదాన్ని. షెడ్డు బాగుంది బాపు, నిజంగా బాగుంది. కానీ సగం ఖాళీగా ఉంది. దౌల్తాబాద్ వైపు నుంచి ఆకుకూరలు తెచ్చే వెంకటమ్మ నీకు తెలుసు, అమ్మ ఎప్పుడూ ఆమె దగ్గరే కొంటుంది. బస్సు దిగి గంపలతో అంత దూరం నడవలేక ఆటో ఎక్కుతోంది. అక్కడికి పోయాక మిల్లుల నుంచి గాలి కొడితే తోటకూర మీద తెల్లటి దుమ్ము. "కడిగితె వాడుతది, కడగకపోతె ఎవ్వరు కొంటలేరు. వచ్చే వారం రాను బిడ్డా" అంది. ఆమె ఒక్కతే కాదు, చాలామంది అదే మాట అన్నారు.

కౌన్సిలర్లను కలిశాను. దుమ్ము సంగతి వాళ్లందరికీ ముందే తెలుసు! మరి మీటింగులో ఎందుకు చెప్పలేదని నాగరాణిని అడిగాను. ఆమె నీ దగ్గర బీఏ చదివింది కదా. "సార్ ముందర ఎట్ల మాట్లాడాలె అక్కా? సార్ లేచి నిలవడి చెప్తుంటె చెయ్యి దానంతటదే నోట్సు రాసుకుంటది" అంది. మల్లేశ్ కూడా అంతే. "సార్ తప్పు జెప్తరా?" అన్నాడు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. నువ్వు దాన్ని పూర్తి అంగీకారం అనుకున్నావు.

ఇదంతా వార్తగా రాశాను. ఎవరి మీద రాసినా అచ్చుకు ముందే వాళ్లకు చూపించాలి, వాళ్ల జవాబు పక్కనే అంతే జాగాలో వేయాలి అని పత్రిక పెట్టినప్పుడు నువ్వే నియమం పెట్టావు. అందుకే వార్త ప్రతి దీనితో పంపుతున్నాను. బుధవారం లోపు నీ జవాబు రాయి. నీ మీద వార్త రాస్తూ నీ పేరు రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను, అది మాత్రం వార్తలో పెట్టలేదు.

నీ బిడ్డ,
స్నేహ

*

పురపాలక సంఘ కార్యాలయం,
బండలపేట, మంగళవారం

సంపాదకురాలు గారికి,

మీరు పంపిన వార్త చదివాను. అంగడి తరలింపు తీర్మానం చట్టప్రకారం, సభ్యులందరి ఆమోదంతో జరిగింది. సభలో నోరు విప్పని వాళ్లు బయట చెప్పే మాటలకు విలువ లేదు. ఈ వార్త వస్తే నాకు కాదు, ఆ పిల్లలకే తలవంపులు.

పత్రికలో ప్రచురణకర్తగా ఇప్పటికీ నా పేరే అచ్చవుతోంది. ఆ హోదాలో చెబుతున్నాను, ఈ వారం ఈ వార్త ఆపండి.

జనార్దన్,
చైర్మన్

*

వికారాబాద్,
బుధవారం సాయంత్రం

ప్రియమైన బాపుకు,

నువ్వు 'గారు' అన్నా నేను బాపు అనే రాస్తాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్కసారి ఏడ్చాను కూడా, దాచడమెందుకు. అందులో ఆపమన్న మాట ఉంది కానీ వెంకటమ్మకు జవాబు లేదు. దుమ్ము పడుతోందా లేదా? ఒక్క వాక్యం చాలు. ఆజ్ఞను జవాబు కింద వేయలేను బాపు. ఎవరు పంపినా వేయవద్దని నేర్పింది నువ్వే. ఒకసారి ఎవరో నాయకుడు ఇట్లాగే రాస్తే నువ్వు నవ్వి, ఆ కాగితంలో బజ్జీలు కట్టించుకుని ఇంటికి తెచ్చావు. నాకు గుర్తుంది.

అందుకని వార్త వేస్తున్నాను. పక్కన నీ జవాబుకు అంతే జాగా వదులుతున్నాను. 'చైర్మన్ జవాబు' అని శీర్షిక పెట్టి, కింద తెల్లగా వదిలేస్తున్నాను. మన పత్రికలో ఎవరి జాగా ఇప్పటిదాకా ఖాళీగా పోలేదు.

ఇది చూశాక నన్ను తీసేయాలనుకుంటే తీసేయి. ప్రెస్సు తాళంచెవులు పంపిస్తాను. పత్రిక నీదే. కానీ బాపుగా నా మీద అలగకు, అది నేను తట్టుకోలేను.

నీ బిడ్డ,
స్నేహ

*

బండలపేట,
ఆగస్టు మొదటి వారం

ప్రియమైన బిడ్డకు,

నెల దాకా ఉత్తరం రాయలేదు. అలిగాననే అనుకుని ఉంటావు. మొదటి వారం అలిగాను. నిజం చెప్పాలంటే రెండో వారం కూడా.

ఆ తెల్లజాగా నన్ను చాలా పరేషాన్ చేసింది. టీ కొట్టు కాడికి పోతే పేపరు అదే పేజీ దగ్గర మడిచి ఉండేది. దాన్ని పక్కకు జరిపి "సార్, టీ" అంటారు. ఇంటికొస్తే మీ అమ్మ నా పళ్లెంలో తోటకూర వేసింది. నోట్లో పెట్టుకుంటే ఇసుక తగిలింది. "కడిగిన, గదే అంగడిల కొన్న" అంది, అంతే. తర్వాతి అంగడికి నేనే పోయి చూశాను, నీతో అన్నట్టుగానే వెంకటమ్మ రాలేదు.

మొన్నటి మీటింగులో ఆ తీర్మానాన్ని మళ్లీ చర్చకు పెట్టాను. రోడ్డు ఇరుకు సంగతి చెప్పి, అంగడి కొత్త షెడ్డులోనే ఉండాలని నా ప్రతిపాదన చదివాను. "మీ మనసుల ఉన్నది చెప్పుండ్రి" అన్నాను. అందరూ తలలు దించుకుని రాసుకుంటున్నారు! వైస్ చైర్మన్ మహేష్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నేను వెనక వరుసలోకి పోయాను. అప్పుడూ అంతే, మెడలు తిప్పి నా వైపే చూస్తున్నారు. ఇక లేచి వరండాలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను.

కాసేపటికి లోపల గొంతులు లేచాయి. బల్ల మీద ఎవరో గుద్దారు. నాగరాణి గొంతు అందరికంటే పైన ఉంది. ఇన్నేళ్లూ క్లాసులో గోల వినబడితే గబగబా లోపలికి పోయి నోరు మూయించినవాణ్ని. కాళ్లు అటే లాగాయి. వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను, నీ మీద ఒట్టు. రాజనీతిశాస్త్రం అన్నేళ్లు చెప్పాను కానీ, దాన్ని గది బయట నిలబడి వినడం ఇదే మొదలు. కష్టంగా ఉంది బిడ్డా. కష్టంగా ఉన్నా చాలా సంతోషమేసింది.

తలుపు తెరిచారు. గడప దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా?" అని అడిగాను. ఆలస్యంగా వచ్చిన పిల్లలు నన్ను అడిగినట్టే. మహేష్ కుర్చీలోంచి లేవబోయి, ఆగి, "రాండ్రి సార్, కూసోండ్రి" అన్నాడు. లేవకుండానే అన్నాడు. వాడికి పూర్తి మార్కులు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రెండు చోట్లా ఓడాను. తాళంచెవులు నీ దగ్గరే ఉండనీ. ప్రచురణకర్త హోదా కూడా నీ పేరుకే మార్పించే కాగితాలు ఈ కవరులోనే పంపుతున్నాను, సంతకం పెట్టు. చైర్మన్ పేరు ఆ జాగాలో ఉండకూడదని మొదటి రోజే తోచాల్సింది, తోచలేదు.

ఆ ఖాళీ జాగాకు జవాబు కింద రాసి పంపుతున్నాను. ఎక్కువైతే కత్తిరించు. విలేకరి పని వదిలి చాలా ఏళ్లయింది.

"బండలపేట: వారపు అంగడిని బస్టాండు దగ్గరికే తిరిగి మార్చాలని పురపాలక సంఘం నిర్ణయించింది. రోడ్డుకు అడ్డం లేకుండా పాత గోదాము ఆవరణలో అమ్మకందార్లకు చోటు ఇస్తారు. తరలింపును కొనసాగించాలన్న చైర్మన్ జనార్దన్ ప్రతిపాదన వీగిపోయింది. ఆయనకు మద్దతుగా ఇద్దరే చేతులెత్తారు. కొత్త షెడ్డు మీద కురిసే దుమ్ము సంగతి తాను అడిగి తెలుసుకోలేదని చైర్మన్ సభలో ఒప్పుకున్నారు. ఈ సంఘంలో ఏకగ్రీవం కాని తీర్మానం ఇదే మొదటిది."

ఈ వార్త చైర్మన్ మీద ఉంది కాబట్టి, మన నియమం ప్రకారం అచ్చుకు ముందే ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. "నిజమే, వేసుకోండ్రి" అన్నాడు.

నీ బాపు,
నీ పత్రికకు బండలపేట విలేకరి