సంస్థ తలుపు మీద యోన్కా కాగితం

సోఫియా నగరంలో ట్రాము పట్టాల పక్క వీధిలో అయిదో అంతస్తు ఫ్లాటులో కాపురముంటున్న నేను, కీర్తిశేషుడు ఆసెన్ ద్రందారోవ్ కుమార్తె నెవ్యానా ద్రందారోవాను, అవివాహితను, ఎనభై ఏళ్ళ దానిని, పదవీ విరమణ చేసిన కంప్యూటర్ శాస్త్రవేత్తను, పూర్తి తెలివితో, నిలకడైన మనసుతో, ఎవరి ఒత్తిడీ బోధనా లేకుండా రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు ఇటువంటిది ఏదీ రాయలేదు. నా తెలివి మీద నోటరీ గారికి అనుమానం వచ్చినట్టుంది. "ఇవాళ ఏం వారమో చెప్పగలరా బామ్మగారూ?" అని అడిగారు. మా సంస్థ కట్టిన మొట్టమొదటి కంప్యూటరుకి కూడికలు నేర్పిన మనిషిని నేను. మంగళవారం, నాయనా.

గత నెల పదిహేడున సంస్థ గుమ్మం ముందు మంచు మీద జారిపడ్డాను. ఎముక విరగలేదు గాని, ఈ కాళ్ళను నమ్ముకుని ఇంకో ఏడాది గడపలేనని తెలిసిపోయింది. అందుచేత నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఎవరికి చెందాలో రాస్తున్నాను. ఆస్తి పంపకం ఎలాగూ జరుగుతుంది. నా బెంగంతా యోన్కా కాగితం ఎవరు అతికిస్తారన్నదే. ఆ సంగతి నాలుగో అంశం నుంచి వస్తుంది. ముందు మూడూ దాటేసి చదివేవాళ్ళు ఎవరో నాకు తెలుసు. లచేజార్, వెనక్కి వచ్చి మొదటి నుంచి చదువు.

1. నా స్వార్జితమైన ఈ ఫ్లాటును మా తమ్ముడి కొడుకు లచేజార్ నా అనంతరం దానవిక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది. వాడు మంచివాడే. కాని ఏ ఆదివారం వచ్చినా కుర్చీలో కూర్చోకముందే, "అత్తా, నా ఫోనులో ఫొటోలన్నీ ఎగిరిపోయాయి, ఒక్కసారి చూసిపెట్టవూ, కంప్యూటర్లు కనిపెట్టినదానివి కదా" అంటాడు. నేను పనిచేసిన యంత్రం ఒక హాలంత ఉండేది. దాని పేరు జోర్నిత్సా, అంటే వేగుచుక్క. దానిలో బల్బులాంటి గాజు వాల్వు ఒకటి మాడితే ముక్కుతో పసిగట్టేదాన్ని. వాడి ఫోనులో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పై అంతస్తు స్తామెనోవా గారు ప్రింటరు పట్టుకొస్తారు. ఆవిడ అల్లుడు టీవీ రిమోటు పంపిస్తాడు. నేను పోయిన నలభయ్యో రోజున నా పేర ఉడకేసిన గోధుమలు తినడానికి వచ్చినవాళ్ళలో కూడా ఒకడు ఏదో ఒకటి చంకన పెట్టుకుని వచ్చే ఉంటాడు. వాడికి గోధుమలు పెట్టవద్దు.

2. నేలమాళిగలోని క్యాబేజీ ఊరవేసే పీపా, దాని మీద బరువుగా పెట్టిన ఇనుప దిమ్మ కూడా లచేజార్‌కే. ఆ దిమ్మ జోర్నిత్సా ట్రాన్స్‌ఫార్మరులోది. యంత్రాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేసిన రోజున, దాన్ని నేను సంచిలో పెట్టి ట్రాములో తెచ్చుకున్నాను. మ్యూజియం వాళ్ళు వచ్చి అద్దాల పెట్టెలో పెడతామన్నారు. క్యాబేజీని ఏం పెట్టి నొక్కమంటారని అడిగాను. నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు. లచేజార్, పీపాలో ఉప్పునీళ్ళు రెండు మూడు రోజులకోసారి తోడి మళ్ళీ పైనుంచి పోస్తుండాలి. ఇది కూడా మరిచిపోతే నా ఫ్లాటు నీకెందుకు రాశానా అని అక్కడ కూడా తిట్టుకుంటాను.

3. ప్రభుత్వం ఇచ్చిన పతకం వంటింటి బల్ల పొట్టి కాలు కింద ఉంది. తీస్తే బల్ల ఊగుతుంది. బల్ల ఎవరికి వెళితే పతకం కూడా వారికే చెందును.

4. ఇప్పుడు యోన్కా సంగతి. ఈ ముక్క ఎన్ని అర్జీలలో రాశానో, ఎందరు డైరెక్టర్ల బల్లల మీద పెట్టానో నాకే గుర్తులేదు. నోటరీ ముద్ర పడితేనైనా ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారన్న ఆశతో మళ్ళీ రాస్తున్నాను.

యోన్కా పలాజోవా గణితం చదివింది. పరీక్షల్లో నాకంటే పైన ఉండేది, అందుకు అప్పట్లో నాకు ఒళ్ళు మండేది కూడా. ఇద్దరం జోర్నిత్సా దగ్గర చేరాం. యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలు తయారుచేయడం నా పని. వాటితో పెద్ద పెద్ద లెక్కలు చేయించడం యోన్కా పని. ఆ రోజుల్లో ఒక ఆనకట్ట గోడ లెక్క వేయాలంటే యంత్రం తెల్లవార్లూ నడవాలి. ఈలోగా ఎక్కడో ఒక వాల్వు మాడేది. అంతే, చేసిందంతా బూడిదలో పోసినట్టు. మొదటి నుంచి మళ్ళీ మొదలు. మా అధిపతి బల్కాంజియెవ్ గారు మంచి వాల్వులు తెప్పించమని ఉత్తరాలు రాసేవారు. నేను ఆదేశాలు కుదించి కుదించి కళ్ళు పోగొట్టుకునేదాన్ని. యోన్కా యంత్రం పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుకునేది.

మార్చి ఒకటిన అందరం చేతికి ఎర్రదారం తెల్లదారం కలిపి కట్టుకుంటాం కదా, అందులో మిగిలిన దారాన్ని యోన్కా ఒకరోజు అల్లికలో ఒక వరస పొడుగునా దూరుస్తోంది. అల్లికలో ఈ కుట్టు ఏమిటే అని విసుక్కున్నాను. "ముందెక్కడైనా ముడి జారిందనుకో, మొత్తం విప్పుకుని ఏడుస్తానా ఏంటి? ఈ వరస దాకా తప్పు లేదని నాకు తెలుసు. దారం దగ్గరికి విప్పి ఆగుతా, అక్కణ్ణించి అల్లుకుంటా" అంది. అని, చేతిలో సూదులు అలాగే పట్టుకుని యంత్రం వైపు చూస్తూ ఉండిపోయింది. యంత్రానికి కూడా అలాంటి దారం ఒకటి ఉండాలని దానికి తట్టింది. కొంతసేపు లెక్క చేయగానే, అంతవరకు వచ్చిన అంకెలన్నీ సరిచూసి, చిల్లుల కాగితపు పట్టీ మీద దాచుకోవాలి. తర్వాత వాల్వు మాడితే ఆ గుర్తు దగ్గరికి వెనక్కి వచ్చి అక్కడి నుంచి సాగాలి. ఆ ఆదేశాలు యోన్కా రాసింది. ఆనకట్ట లెక్క మొట్టమొదటిసారి చివరిదాకా వచ్చింది. ఇద్దరం ఆ హాలులో చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం.

తర్వాత సంస్థ వేసిన పుస్తకంలో అది బల్కాంజియెవ్ పద్ధతి అని అచ్చయింది. అడుగున చిన్న అక్షరాలతో నాకు కృతజ్ఞతలు. యోన్కా పేరు ఎక్కడా లేదు. ఎందుకంటే యోన్కా తండ్రి కమ్యూనిస్టుల కాలంలో తన పొలం సహకార సంఘానికి ఇవ్వనని ప్రభుత్వానికి శత్రువయ్యాడు. కాబట్టి అతని కూతురు కంప్యూటరు గురించి ఏమీ కనిపెట్టలేదు! నేను వెళ్ళి బల్ల గుద్ది అడిగాను. "ఆ పిల్ల పేరు పెడితే అసలు పుస్తకమే బయటికి రాదు నెవ్యానా. పేరులో ఏముందమ్మా, పని అయింది కదా" అన్నారు ఆయన. పేరులో ఏమీ లేకపోతే తన పేరు ఎందుకు పెట్టుకున్నారని అడిగేసి వచ్చాను. ప్రభుత్వం మారింది, గోడలు కూలాయి, విగ్రహాలు దిగాయి. ఈ ఒక్క పేరు మాత్రం దిగలేదు. తర్వాత వచ్చిన డైరెక్టరు "పాత గొడవలు ఇప్పుడెందుకు మేడమ్" అన్నాడు. ఆ తర్వాతివాడు రుజువు చూపించమన్నాడు. ఇప్పటి ఆయన మహా మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇచ్చాడు. "హాలుకి కూడా ఆయన పేరే పెట్టేశాం కదండీ, బోర్డు చేయించి ఏడాది కూడా కాలేదు" అన్నాడు.

5. యోన్కా ఊపిరితిత్తుల జబ్బుతో 1979 ఫిబ్రవరి పదిహేడున పోయింది. దానికి నా అన్నవాళ్ళు లేరు. చచ్చిన ప్రతివాడి ఫొటో కాగితం ఇంటి తలుపుల మీద, బస్టాపు స్తంభాల మీద, ఏడాదులు గడిచినా మళ్ళీ మళ్ళీ అతికించే ఊరు ఇది. ఈ ఊళ్ళో యోన్కాకి ఒక్క కాగితం లేదు. నేనే టైపు చేశాను. ఫొటో, పేరు, కింద ఒకే వాక్యం: లెక్క తప్పినప్పుడు వెనక్కి వచ్చే దారి యంత్రానికి చూపించింది ఈమె. మైదా జిగురు కాచి సంస్థ తలుపు మీద అతికించాను. అప్పటి నుంచి ఏటా అదే తేదీన, అదే తలుపు మీద అతికిస్తున్నాను. ఏటా ఎవరో ఒకరు పీకేస్తున్నారు.

చాలా ఏళ్ళుగా ఆ పీకే మనిషి కాపలాదారు మెతోది. "మళ్ళీ వచ్చేశారా ప్రొఫెసరమ్మా? ఈ అద్దం ఫారిన్‌దంట, జిగురు మరకలు పడితే నా జీతంలో కోసేస్తారంట. సరే, అతికించుకోండి. డైరెక్టరుగారు పదింటికొస్తారు, ఈలోపు పీకేస్తా, మళ్ళీ నన్ననకండి" అనేవాడు. అనకుండా ఎలా ఉంటాను? నువ్వు మనిషివా, ఎవరు తిప్పితే అటు తిరిగే స్క్రూడ్రైవరువా అని తిట్టేదాన్ని. అతను వినేవాడు, పదింటిలోపు పీకేవాడు.

ఈ ఫిబ్రవరిలో నేను పడ్డప్పుడు లేవదీసింది కూడా అతనే. "ఈ వయసులో మంచు మీద డాన్సులేంటమ్మా" అని గొణుక్కుంటూ తన గదిలోకి తీసుకెళ్ళి, గది వెచ్చబెట్టే వేడిగొట్టం పక్కన కూర్చోబెట్టాడు. ఆ గొట్టం వెనక గోడ మీద యోన్కా ఉంది. ఒక్క యోన్కా కాదు. ఏటేటి యోన్కా, వరసగా, ఒక్క మూల కూడా చిరగకుండా. "ఏం చెయ్యమంటారు మరి? పీకమన్నారు, పీకుతున్నా. చింపమని ఎవరూ చెప్పలేదుగా. వేణ్ణీళ్ళు పెట్టి మెల్లగా తీస్తే మొహం చెడకుండా వచ్చేస్తది. ఇంత మంచి మొహాన్ని చెత్తబుట్టలో ఎలా పడేస్తామమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళూ ఈ సంగతి చెప్పనందుకు చేతికర్రతో ఒకటి వేశాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆ పూట నా జిగురు బకెట్టు తీసుకెళ్ళి కాగితం అతనే అతికించాడు, వంకరగా. పదింటికి అతనే పీకాడు.

6. నా తర్వాత ఆ పని ఎవరు చేయాలి? లచేజార్ తప్పకుండా చేస్తానంటాడు, మొదటి ఏడాది మాత్రం చేస్తాడు. సంస్థలోని కుర్రకారుని అడిగితే, "వెబ్‌సైటు పెట్టేస్తాం మేడమ్, ప్రపంచమంతా చూస్తుంది" అన్నారు. వెబ్‌సైటులో ఎవరైనా చూడాలంటే ముందు పేరు తెలిసి వెతకాలి. యోన్కా పలాజోవా అని వెతకాలని ఎవరికి తెలుసు? తలుపైతే లోపలికి వెళ్ళే ప్రతివాడూ దాటాలి. పదింటి లోపు నలుగురు చదివినా చాలు. వాళ్ళకి ఇది చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

మెతోదికి ఏదైనా రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఆస్తి రాయకూడదని నోటరీ గారు అడ్డు చెప్పారు. సంతకానికి అతనూ, కింది మందుల షాపు ఆవిడా తప్ప ఇంకెవరూ సెలవు పెట్టి రాలేదు మరి. కాబట్టి మెతోదికి నేను ఏమీ రాయడం లేదు. ఇది షరతు కాదు, ఆజ్ఞ కాదు, చట్టం దీన్ని పట్టించుకోదు. ఊరికే అడుగుతున్నాను. నా బతుకులో ఎవరినీ ఏదీ బతిమాలలేదు. మెతోదీ, నిన్ను బతిమాలుతున్నాను.

7. యోన్కా సగంలో వదిలేసిన స్వెట్టరు నా బీరువా పై అరలో ఉంది. ఎర్రదారం తెల్లదారం ఇంకా ఆ వరసలోనే ఉన్నాయి. దాన్ని ఎవరూ పూర్తిచేయవద్దు, విప్పవద్దు. శవపేటికలో నా తల కింద పెట్టవలసినది.

8. నా కాగితం ఇంటి తలుపు మీద ఒక్కటి చాలు. దాని మీద కంప్యూటర్ల బామ్మ అని రాస్తే లచేజార్‌ని క్షమించను. సంస్థ తలుపు మీద నా కాగితం పెట్టవద్దు. ఆ తలుపు యోన్కాది.

9. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత పై అంతస్తు స్తామెనోవా గారిది. ఆవిడ వెంటపడితే ఎంతటివాడైనా పని చేసి తీరతాడు. ప్రింటరు విషయంలో నాకు బాగా అనుభవం.

ఇది నా మనసెరిగి, చదివి, సరిచూసుకుని సంతకం చేశాను.

సోఫియా, 2011 మార్చి 1, మంగళవారం.
నెవ్యానా ద్రందారోవా

సాక్షులు:

1. రుమ్యానా చోలాకోవా, మందుల షాపు.

2. మెతోది గుర్కోవ్, కాపలాదారు. సంతకం ఒక్కటీ చాలంటున్నారు నోటరీగారు, అయినా రాస్తున్నా. ప్రొఫెసరమ్మ నా ముందే సంతకం పెట్టింది, బుర్ర బ్రహ్మాండంగా ఉంది. మైదా జిగురు ఫిబ్రవరి చలికి నిలవదు, మంచిది నేనే కొంటా. ఎనిమిదో దాంట్లో రాసింది మాత్రం నేను వినను. తలుపు మీద రెండు కాగితాలు పక్కపక్కన పట్టే చోటు చూసిపెట్టా.